ప్రహరీలో అయిదు సందులు

రెంటచింతల

చిట్టితల్లీ,

నువ్వు పంపిన గోడ పగులు ఫోటోలు చూశాను. ఫోన్‌లో చెబుదామంటే మీ అమ్మ మధ్యలో దూరి గృహప్రవేశం ముహూర్తాలు తీస్తుంది. అందుకే రాస్తున్నాను.

ముందు మీ మేస్త్రీతో గొడవ ఆపు. ఇంటి గోడలకు ఎక్స్‌పాన్షన్ జాయింట్, అంటే వేడికి కట్టడం సాగడానికి వదిలే సందు, పెట్టలేదని తిట్టావట. 40 అడుగుల ఇంటికి అది అక్కర్లేదు. కాంక్రీటు కట్టడం పొడవు 45 మీటర్లు దాటినప్పుడు కదా మన కోడ్ పుస్తకం, అదే కాంక్రీటు పనుల నిబంధనల పుస్తకం, ఆ మాట ఎత్తేది! నీ గోడ మీది పగులు గీత బీమ్ కిందే తిన్నగా పోతోంది చూడు, అది వేరే జబ్బు. ఎండకు కాంక్రీటు సాగినదాంట్లో ఇటుక సగమే సాగుతుంది. రెండింటినీ కలిపి ఒకే ప్లాస్టర్ పూస్తే, ఆ అతుకు దగ్గరే విడిపోతుంది. అక్కడ చికెన్ మెష్, అంటే సన్న తీగల వల, పైకి ఆరంగుళాలు, కిందకి ఆరంగుళాలు వచ్చేలా కొట్టి పూయాల్సింది. కాదంటే ప్లాస్టర్ పచ్చిగా ఉండగానే అతుకు వెంట 10 మిల్లీమీటర్ల గాడి లోపలిదాకా తీయాల్సింది. మేస్త్రీ తప్పు అంతవరకే.

జాయింట్లు కావాల్సింది నీ ప్రహరీకి. 120 అడుగుల పొడవు, ఎక్కడా చెట్టు నీడ లేదు. జనవరి తెల్లవారుజాముకీ మే మధ్యాహ్నానికీ గోడ వేడిలో 30 డిగ్రీల తేడా వేసుకున్నా, అంత పొడవు ఇటుక గోడ 6 మిల్లీమీటర్లకు పైనే సాగాలని చూస్తుంది. సందు లేకపోతే ఎక్కడో ఒకచోట పగిలి ఊరుకుంటుంది.

ఇది నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి. ఇక్కడ ఒక బడి ప్రహరీ చేశాను. గోడ కట్టినప్పుడు సందులు సరిగ్గానే వదిలాం. ప్లాస్టరింగ్ రోజున వచ్చిన పెద్దమనిషి "ఈ చీలికలేంటయ్యా, అసహ్యంగా" అన్నాడు. సరేనని సందుల మీదుగా నున్నగా పూసేశాను. చూడ్డానికి అద్దంలా ఉంది. వేసవి వచ్చేసరికి ప్రతి సందు మీదా ప్లాస్టర్ అప్పడంలా పొంగింది. తాపీ పిడితో తట్టితే డొల్ల చప్పుడు. మొత్తం చెక్కి, నా ఖర్చుతోనే మళ్లీ చేశాను.

కాబట్టి సోమవారం గోడ మొదలయ్యేలోపే మేస్త్రీకి చెప్పు. 6 మీటర్లకొక సందు, అంటే నీకు అయిదు వస్తాయి. గోడ మలుపు తిరిగే చోటా ఒకటి ఉండాలి. పునాది మీద నుంచి పైదాకా 12 మిల్లీమీటర్ల థర్మాకోల్ నిలబెట్టి, దానికి అటూ ఇటూ ఇటుక కట్టిస్తే సరి. ప్లాస్టర్ వేసేటప్పుడు సందు అంచున చెక్క బద్ద పెట్టి, అక్కడికే ఆపాలి. ఇక్కడ మాత్రం మెష్ దాటించకూడదు. దాటిస్తే రెండు ముక్కల్నీ కట్టేసినట్టే.

చివర్లో థర్మాకోల్ అంగుళం లోతు గీకేసి, ఫోమ్ తాడు దూర్చి, దాని మీద సీలెంట్, అంటే రబ్బరులా సాగే పూత, నింపాలి. సందు వెడల్పులో సగం మందం చాలు. అది రెండు పక్కలకే అంటుకోవాలి. వెనక్కి కూడా అంటుకుంటే సాగలేక చిరుగుతుంది. ఈ పని భోగి చలిలోనూ వద్దు, మే ఎండలోనూ వద్దు. చలికి సందు తెరుచుకుంటుంది, ఎండకు ముడుచుకుంటుంది, మధ్య రోజులు చూసుకో. ఇక పెయింటర్ వస్తాడు. వాళ్లకు గీత కనిపిస్తే చేయి ఊరుకోదు, పుట్టీ పెట్టేస్తారు. ఆ రోజు నువ్వు అక్కడే ఉండు.

బీమ్ కింద పగులును ఇప్పుడే పూడ్పించకు. రెండు చివర్లా పెన్సిల్‌తో అడ్డగీత గీసి, పక్కన తేదీ వెయ్యి. నెల తర్వాత మళ్లీ ఫోటో పంపు. పక్కన రూపాయి బిళ్ల పట్టుకుని తియ్యి, లేకపోతే పగులు ఎంత వెడల్పుందో నాకు అంతుపట్టదు.

మీ నాన్న