కౌలూన్ నమూనాలో తప్పులు పట్టినవాళ్లందరికీ కృతజ్ఞతలు

1:200 స్కేలులో చేస్తున్న కౌలూన్ వాల్డ్ సిటీ (హాంకాంగ్‌లో ఒకప్పుడుండి, తర్వాత కూల్చేసిన కిక్కిరిసిన బస్తీ) నమూనా ఫోటోలు చూసి, మొహమాటపడకుండా తప్పులు చెప్పిన అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఎవరి మాటతో ఏం మారిందో రాసిపెడుతున్నాం. ఇలాంటిదే చేద్దామనుకునేవాళ్లకు పనికొస్తుంది.

పెద్ద దిద్దుబాటు స్ట్రక్చరల్ ఇంజనీర్లది. మొదటి నమూనా ఒకే దిమ్మ, దాని మీద అతికించిన కిటికీలు. అసలుది అలా కాదు. సుమారు 2.7 హెక్టార్లలో 300కు పైగా విడివిడి భవనాలు. ఎక్కువభాగం 1960, 70లలో ఆర్కిటెక్టూ అనుమతీ లేకుండా లేచినవి. పునాదుల బలం చాలక పక్కదానికి ఆనుకుని నిలబడ్డవి బోలెడు. ఎవరి కొలత వాళ్లదే కాబట్టి అంతస్తులు ఒక మట్టానికి రావు. సొంత మెట్లు లేక పక్క భవనం మెట్లతో సరిపెట్టుకున్నవీ ఉన్నాయి. ఇప్పుడు ఒక్కో భవనాన్నీ 3 మి.మీ. ఫోమ్ బోర్డుతో విడిగా కట్టి, అంతస్తు ఎత్తు 14 నుంచి 16 మి.మీ. మధ్య మారుస్తున్నాం. ఎంత ఎత్తయినా 14 అంతస్తుల దగ్గర, అంటే నమూనాలో సుమారు 22 సెం.మీ. దగ్గర ఆగాల్సిందే. కై టాక్ విమానాశ్రయానికి దిగే విమానాలు నెత్తిమీదుగానే వెళ్లేవి మరి.

సందుల విషయంలో హెచ్చరించినవాళ్లకు ప్రత్యేకంగా రుణపడ్డాం. మీటరు వెడల్పు సందు నమూనాలో 5 మి.మీ. భవనాలు ముందు అతికిస్తే బయటికి పొంగిన జిగురు సందును పూడ్చేస్తుంది, తర్వాత వేలు కాదుగదా పట్టకారు కూడా దూరదు. అందుకే ముందు సందు నేల, లైట్లు, పైపులు పూర్తిచేసి, ఆ తర్వాతే గోడలు నిలబెట్టాలి. లైట్లు తెల్లవే వాడాలి. ఎండ దిగని ఆ సందుల్లో పగలంతా ట్యూబులైట్లే వెలిగేవి. పసుపు బల్బులు పెడితే పండగ వీధిలా ఉంది!

ప్లంబింగ్ తెలిసిన మిత్రులు మా పైపుల వరస మొత్తం పీకించారు, మంచిపనే చేశారు. ఒక మెయిన్ పైపు నుంచి కొమ్మల్లా చీలే అమరిక అక్కడ లేదు. ప్రభుత్వ కుళాయిలు ఎనిమిదే. మిగతా నీళ్లు బావులవి. మోటారుతో డాబా మీది ట్యాంకులకు ఎక్కించి, అక్కణ్నించి సన్నపైపుల్లో ఇళ్లకు దించేవాళ్లు. అంటే పైపులు కింద మొదలై పైకెళ్లి మళ్లీ కిందికి రావాలి, అదీ గోడల బయటినుంచే. 0.3 మి.మీ. రాగితీగ ఈ స్కేలుకు సరిగ్గా సరిపోయింది. ఒకే మందం తీగలు వరసగా పేరిస్తే దువ్వెనలా కనబడుతుంది. కొన్ని వంకరగా, కొన్ని తెగి వేలాడేలా ఉంచాలి. ఆ పైపుల అతుకులు కారడంవల్లే జనం సందుల్లో గొడుగు వేసుకుని నడిచేవాళ్లు.

హాంకాంగ్‌లో ఉంటూ, వాల్డ్ సిటీ ఉన్నచోట ఇప్పుడున్న పార్కు ఫోటోలు పంపినవాళ్లకు నమస్కారాలు. 1993 మార్చిలో మొదలైన కూల్చివేత 1994లో ముగిసింది, 1995లో పార్కు తెరిచారు. అక్కడున్న కంచు నమూనా చూశాకే డాబాలు ఎంత ఎగుడుదిగుడుగా ఉండేవో అర్థమైంది. పాత యామెన్ (చైనా పాలకుల నాటి ప్రభుత్వ కార్యాలయం) భవనం ఇప్పటికీ ఉంది కాబట్టి దాని కొలతలు ఊహించే పని తప్పింది.

1987 లెక్కల్లో జనం సుమారు 33,000. నేలను సమానంగా పంచితే తలకు చదరపు మీటరు కూడా రాదు. అందుకని మనిషి బొమ్మలు కిందే కాదు, డాబాల మీదా పెట్టమన్న సలహా బాగా నచ్చింది. పిల్లలు ఆడుకున్నది అక్కడే, యాంటెన్నాల నడుమ.

చివరిది తిన్ హౌ అనే సముద్ర దేవత గుడి. చుట్టూ ఎత్తయిన భవనాలు, కిటికీల్లోంచి చెత్త కింద పడుతుంటే గుడికి పైన ఇనుపవల కప్పారు. ఆ వల మేము మరిచిపోయాం, గుర్తుచేసినవారికి థాంక్స్. వలలాంటి తెరగుడ్డ ముక్క బిగించి, చెత్త బదులు వాడేసిన టీపొడి చల్లాం. బాగా ఎండబెట్టాకే చల్లండి, లేకపోతే బూజు పడుతుంది.