ఇకపై కంపెనీ వైరు కొయ్యం

కార్లో స్టీరియో మార్పించుకునే కస్టమర్లకు ఒక మాట. ఈ నెల నుంచి కంపెనీ సెట్టు తీసి బయటి సెట్టు బిగించేటప్పుడు కారు ఒరిజినల్ వైరింగ్ కొయ్యం. మీ మోడల్‌కి సరిపోయే కప్లర్, అంటే వైరు కొయ్యకుండా కారు ప్లగ్గునీ కొత్త సెట్టునీ కలిపే రెడీమేడ్ ప్లగ్గు వైరు, దొరికితేనే పని మొదలుపెడతాం. బిల్లు కాస్త పెరుగుతుంది, కప్లర్ తెప్పించడానికి ఒకట్రెండు రోజులు పట్టొచ్చు. "పక్క షాపులో గంటలో పెట్టేస్తారండీ" అంటారు, నిజమే. వైరు కోసి, మెలేసి, నల్ల టేపు చుట్టేస్తే గంట కూడా అక్కర్లేదు.

గొడవంతా ఆ టేపుతోనే. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు వేడికి టేపు జిగురు కారి చుట్టు వదులైపోతుంది. పైగా మన విశాఖ ఉప్పుగాలి. రుషికొండ, పెదవాల్తేరు వైపు రోడ్డు మీదే ఉండే కార్లలో మెలేసిన రాగి తీగ విప్పితే పచ్చగా చిలుము కనిపిస్తుంది. అక్కడ వోల్టేజీ పడిపోతుంది. సౌండ్ పెంచగానే స్క్రీన్ ఆరిపోయి మళ్లీ మొదటినుంచి ఆన్ అవుతుంది. సెట్టు పోయిందనుకుంటారు, పోయింది జాయింటు.

రంగు చూసి రంగుకి కలపడం ఇంకో తలనొప్పి. బయటి సెట్లలో పసుపు వైరుకి బ్యాటరీ నుంచి ఎప్పుడూ 12 వోల్టులు రావాలి, ఎరుపుకి తాళం తిప్పినప్పుడే రావాలి, నలుపు ఎర్త్. కారు వైపు ఈ రంగులే ఉండాలని లేదు, కంపెనీని బట్టి మారతాయి. మీటర్ పెట్టి చూడాల్సిందే. పసుపు, ఎరుపు తారుమారైతే బండి ఆపిన ప్రతిసారీ సెట్టింగులు పోతాయి. రెండూ బ్యాటరీకే ఇస్తే సెట్టు నిద్రపోదు, రెండు మూడు రోజులు కదపకపోతే సెల్ఫ్ అందుకోదు. అందుకే బిగించాక కారు లాక్ చేసి, అరగంట ఆగి, బ్యాటరీ దగ్గర కరెంటు కొలుస్తాం. 50 మిల్లీఆంపియర్లు దాటితే బండి ఇవ్వం. స్పీకర్ల నెగటివ్ వైరు బాడీకి తగిలితే సెట్టులోని ఆంప్లిఫయర్ కాలిపోవచ్చు. అది వారంటీలో రాదు.

సెట్టు మార్చాక ఎఫ్ఎం ఎందుకు సరిగ్గా రాదని చాలామంది అడుగుతున్నారు. పైకప్పు మీద పొట్టి యాంటెనా ఉన్న చాలా కార్లకు దాని మొదట్లో చిన్న బూస్టర్ ఉంటుంది. దానికి సెట్టు నీలం వైరు నుంచి 12 వోల్టులు అందాలి. ఆ వోల్టులు అందించే యాంటెనా అడాప్టర్ వేయకపోతే ఊళ్లో వచ్చిన స్టేషన్ మధురవాడ దాటగానే గరగరే.

స్టీరింగ్ మీది బటన్లు పాత మోడళ్లలో రెండు వైర్లు కలిపి, ఏ బటన్ ఏ పనికో కొత్త సెట్టుకి నేర్పించేయొచ్చు. కొత్తవాటిలో చాలావాటికి క్యాన్ బాక్స్ (కారు పంపే డిజిటల్ సిగ్నళ్లను సెట్టుకి అర్థమయ్యేలా మార్చే చిన్న డబ్బా) కావాలి, దాని ఖర్చు వేరు. ఏసీ కంట్రోలు స్క్రీన్‌లోనే ఉన్న కార్లు మాత్రం మేం ముట్టుకోం.

డబ్బా మీద "50 వాట్లు x 4" చూసి మురిసిపోకండి. నిలకడగా వచ్చేది ఒక్కో స్పీకర్‌కి 20 వాట్ల చుట్టుపక్కలే. డబ్బులు తక్కువుంటే ముందు స్పీకర్లు మార్చుకోండి, సెట్టు తర్వాత చూద్దాం.

వచ్చే ముందు మోడల్, వేరియంట్, తయారైన సంవత్సరం, డాష్‌బోర్డు ఫోటో పంపండి. తీసిన పాత సెట్టు, దాని స్క్రూలు మీకే ఇచ్చేస్తాం. కారు అమ్మేటప్పుడు కప్లర్ పీకి మళ్లీ పెట్టేయొచ్చు, పాత సామాన్లోకి వేసేయకండి.