బుజ్జికి, ఆదివారం రాత్రి ప్రోగ్రామ్ గురించి

జాక్సన్‌విల్, ఫ్లోరిడా

చిరంజీవి బుజ్జికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. బావగారికి దగ్గు తగ్గింది, పిల్లలు బళ్లకి వెళ్తున్నారు.

నీకు విజయవాడ ఎఫ్‌ఎం స్టేషన్‌లో ఆదివారం రాత్రి ఇంగ్లిష్ పాటల ప్రోగ్రామ్ ఇచ్చారని అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! మన బ్రాడీపేట ఇంట్లో వంటింటి గూట్లో రేడియో పెట్టుకుని పెరిగినవాళ్లం, మనలో ఒకరు మైకు ముందు కూర్చోవడం చిన్న సంగతి కాదు. కానీ బ్యాండ్ల పేర్లు తప్పు పలుకుతానేమోనని నువ్వు తెగ టెన్షన్ పడుతున్నావని కూడా అమ్మే చెప్పింది. దాని గురించి నా మనసులో ఉన్నదంతా రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. కాగితమైతే స్టూడియోకి పట్టుకెళ్లొచ్చు.

మేముండే ఊళ్లో పుట్టిన బ్యాండ్ ఒకటుంది. ఇంగ్లిష్‌లో ఆ పేరు చూస్తే ఎలా పలకాలో ఎవరికీ తోచదు, అచ్చు ఉండాల్సిన ప్రతిచోటా వై అక్షరమే ఉంటుంది. లెనర్డ్ స్కినర్డ్ అనాలి. వాళ్లు చదివిన హైస్కూల్లో లెనర్డ్ స్కినర్ అని ఒక డ్రిల్ మాస్టారు ఉండేవారు. మగపిల్లలు జుట్టు పెంచితే ఊరుకునేవారు కాదు. వీళ్లు ఆయన పేరునే అక్షరాలు మార్చి బ్యాండ్‌కి పెట్టుకున్నారు. 1973లో వచ్చిన మొదటి ఆల్బమ్‌కి వేరే పేరంటూ లేకుండా, తమ పేరు ఎలా పలకాలో విడగొట్టి రాసి అదే ఆల్బమ్ పేరుగా అచ్చువేశారు. వినేవాళ్లకీ, రేడియోవాళ్లకీ ఇది తెలియదని వాళ్లకి ముందే తెలుసు బుజ్జీ. కాబట్టి తెలియకపోవడంలో నామోషీ ఏమీ లేదు. తెలుసుకోకుండా మైకు ముందుకి వెళ్లడమే తప్పని నేను అనుకుంటాను.

గాయని షాడే సంగతీ అంతే. నీకు ఇష్టమని తెలుసు, తప్పకుండా వేస్తావు. ఇంగ్లిష్ అక్షరాలు చూసి చాలామంది సేడ్ అంటారు. ఆవిడ పూర్తి పేరు హెలెన్ ఫొలషాడే అడు, పుట్టింది నైజీరియాలోని ఇబాడాన్‌లో. అమెరికాలో రికార్డులు అమ్మేటప్పుడు పేరు ఎలా పలకాలో కంపెనీవాళ్లే వాటి మీద వేయించారు. ఇంకో సంగతి, షాడే అన్నది ఆవిడ ఒక్కదాని పేరే కాదు, మొత్తం బ్యాండ్ పేరు. ఆ పాటల్లో శాక్సఫోన్ వాయించే స్టూవర్ట్ మాథ్యూమన్ కూడా అందులో మనిషే. పేరు చక్కగా పలికి, ఆవిడని ఒంటరి గాయనిగా పరిచయం చేసేవాళ్లని ఇక్కడ చాలామందిని విన్నాను. వాళ్ల 1984 ఆల్బమ్‌లో శాక్సఫోన్ లేకపోతే ఆ పాటలు ఆ పాటలే కావు, ఆయన పేరు ఎత్తకుండా ఎలా ఉండగలరో నాకు అర్థం కాదు.

నీకు చెప్పదలచుకున్నది ఇదే. పేరు సరిగ్గా పలకడం వేరు, ఆ సంగీతం తెలిసి ఉండడం వేరు. మొదటిది ఒక పూటలో నేర్చుకోవచ్చు, రెండోదానికి కూర్చుని వినాలి. మొదటిది మాత్రమే వచ్చిన అనౌన్సర్ని వినేవాడు మూడో పాటకే పసిగట్టేస్తాడు.

ఇక్కడ ఒక స్టేషన్ ఉంది, పేరు రాయను. అందులో అనౌన్సర్ ఏ దేశపు పేరైనా తడబడకుండా పలుకుతాడు. కానీ లెనర్డ్ స్కినర్డ్‌వాళ్ల ‘ఫ్రీ బర్డ్’ వేసినప్పుడు, గిటార్ వేగం అందుకునే చోట పాట ఆపేసి ప్రకటనల్లోకి వెళ్లిపోయాడు. అది దాదాపు 9 నిమిషాల పాట. మొదటి సగం నెమ్మదిగా నడిచేదంతా ఆ రెండో సగం కోసమే. అక్కడ కోసేశాడంటే అతను దాన్ని ఎప్పుడూ చివరిదాకా విననట్టే. నాకు ఆ రోజు నిజంగా కోపం వచ్చింది. ఈ ఊరివాళ్లకి ఆ బ్యాండ్ అంటే ఇంట్లో మనుషుల కింద లెక్క. 1977 అక్టోబర్ 20న మిసిసిపిలో వాళ్ల విమానం కూలి, పాడే రోనీ వాన్ జాంట్, గిటార్ వాయించే స్టీవ్ గెయిన్స్, అతని అక్క కాసీ గెయిన్స్ చనిపోయారు. కొత్త ఆల్బమ్ బయటికి వచ్చి అప్పటికి మూడు రోజులే. ఇది తెలిసినవాళ్లు ఆ పాట మధ్యలో షాంపూ ప్రకటన వేయలేరు.

దీనికి పూర్తిగా ఎదురు, వారాంతాల్లో వచ్చే ఇంకో పెద్దాయన. దేశదేశాల సంగీతం వేస్తాడు. ఒకసారి మన బాలమురళీకృష్ణ గారిని వేశాడు. ఆ పేరు ఆయన నోట్లో మూడు ముక్కలైంది, ‘ళ’ ఎటుపోయిందో తెలియదు. అయినా కారు పక్కకి ఆపి విన్నాను. పాట ముందు ఏం చెప్పాడో తెలుసా? ఈయన నాలుగే స్వరాలతో రాగాలు కట్టారు, లవంగి, మహతి అలాంటివే, ఇప్పుడు వినబోయేదాంట్లో ఎన్ని స్వరాలు ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకోండి అన్నాడు. ఆలాపన కోయలేదు, మీద మాట్లాడలేదు. ఆ మనిషికి ఫోన్ చేసి పేరు ఎలా పలకాలో చెప్పాలనిపించి చెప్పాను కూడా. వచ్చే వారం సరిచేసుకున్నాడు, ‘ళ’ ఒక్కటే రాలేదు. రాకపోతే ఏమైంది, ఆ అక్షరం ఆయన భాషలోనే లేదు.

ఇక్కడ నువ్వొకటి గమనించాలి. యాస వేరు, తప్పు వేరు. నాన్న రేడియో సిలోన్ గురించి చెప్పేటప్పుడల్లా అందులో తెలుగు అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గారి పేరు ఎత్తకుండా ఉండరు కదా. ఆవిడ మాటలో మన గుంటూరు యాస ఏమీ లేదు, అయినా ఆవిడ గొంతు కోసం నాన్నవాళ్లు సిగ్నల్ వెతుక్కుంటూ రేడియో అటూ ఇటూ తిప్పేవారట. నువ్వు కూడా గాయని బ్యోర్క్ పేరు అనడానికి ఐస్‌లాండ్ నాలుక తెచ్చిపెట్టుకోకు. దయచేసి ఆ అమెరికా యాస కూడా వద్దు. ఇప్పుడు మన ఎఫ్‌ఎంలో కొందరు తెలుగు పేర్లనే ఇంగ్లిష్ పేర్లలా సాగదీసి పలుకుతున్నారు, వింటే ప్రాణం ఉసూరుమంటుంది. మన నోటికి వచ్చినట్టే పలుకు, అక్షరాలు మాత్రం సరిగ్గా ఉండాలి.

దానికి మన లిపే నీకు పెద్ద అండ. క్యూ షీట్ మీద, అంటే పాటల వరస రాసుకునే కాగితం మీద, ఇంగ్లిష్ పేరు పక్కనే తెలుగులో రాసుకో. ఐ, ఎన్, ఎక్స్, ఎస్ అని నాలుగక్షరాలు కనపడే ఆస్ట్రేలియా బ్యాండ్ పక్కన ‘ఇన్ ఎక్సెస్’ అని రాస్తే అయిపోయింది. స్కాట్లండ్‌వాళ్ల బ్యాండ్ ఒకదాని పేరులో యు బదులు వి ఉంటుంది, ‘చర్చెస్’ అని రాసుకో. చివర 5 అంకె ఉండే కెనడా సంగీతకారుడు ‘డెడ్‌మౌస్’. మూడు ఆశ్చర్యార్థకాలే పేరుగా పెట్టుకున్నవాళ్లని ‘చిక్ చిక్ చిక్’ అనడం మామూలు. ఎమ్‌జీఎమ్‌టీ అనే బ్యాండ్ పేరు మాత్రం అక్షరాలు విడివిడిగానే పలకాలి. సందేహం వస్తే ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పింది నమ్మకు. ఆ బ్యాండ్ మనిషి ఇంటర్వ్యూలోనో, స్టేజీ మీదో తన పేరు తనే చెప్పుకునే చోటు వెతుకు. అంతకు మించిన సాక్ష్యం లేదు. లండన్‌లో బీబీసీకి పేర్ల ఉచ్చారణ చూడడానికే ఒక విభాగం ఉంది తెలుసా? అంత పెద్ద సంస్థే అడిగి తెలుసుకోవడాన్ని ఒక ఉద్యోగంగా పెట్టుకుంది.

సంగీతం తెలియడం అంటే ఏమిటి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అంటావు. మన ఆకాశవాణివాళ్లని చూసి నేర్చుకో అంటాను. 1948 డిసెంబర్ 1న మొదలైన విజయవాడ కేంద్రం ఎంత మందికి చెవి తయారుచేసిందో నీకు చెప్పక్కర్లేదు, పొద్దున్నే భక్తిరంజని లేకుండా మన ఇల్లు నిద్ర లేచేది కాదు. అక్కడ కచేరీ ఎలా చెప్పేవారు? పాడేవారి పేరు, రాగం, తాళం, కృతి ఎవరిది, ఆ తర్వాత ‘వయొలిన్ సహకారం అన్నవరపు రామస్వామి, మృదంగం దండమూడి రామమోహనరావు’ అని పక్కవాద్యాల పేర్లు కూడా. సినిమా పాటకైతే చిత్రం, గానం, రచన, సంగీతం. పాట రాసినవాళ్లనీ, పక్కన వాయించినవాళ్లనీ వదిలేస్తే అది సగం ప్రకటనే. ఇప్పుడు తెలుగు పాటకే గీత రచయిత పేరు చెప్పని ప్రోగ్రాములు ఉన్నాయి, అది నాకు చాలా బాధగా ఉంటుంది.

నువ్వు ఇంగ్లిష్ బ్యాండ్‌ని కూడా కచేరీ చెప్పినట్టు చెప్పు. ‘ఫ్రీ బర్డ్’ వేస్తే గానం రోనీ వాన్ జాంట్, స్లైడ్ గిటార్ గ్యారీ రోసింగ్టన్, చివరి గిటార్ సోలో ఆలెన్ కాలిన్స్, పియానో బిల్లీ పవెల్ అని చెప్పు. అరనిమిషం కూడా పట్టదు. గుంటూరు, తెనాలి, మంగళగిరి పిల్లలు ఎంతమంది గిటార్ నేర్చుకుంటున్నారో! వాళ్లకి ఆ సోలో వాయించినవాడి పేరు నీ నోట మొదటిసారి వినపడాలి. ఆ పని ఇక్కడి పెద్ద స్టేషన్లు కూడా సరిగ్గా చేయడం లేదు.

ఒక బ్యాండ్‌ని మాత్రం నా కోసం వెయ్యి. సిగుర్ రోస్, ఐస్‌లాండ్‌వాళ్లు, 1994లో మొదలయ్యారు. అందులో పాడే యోన్‌సీ, అప్పుడే పుట్టిన తన చెల్లెలి పేరు తీసుకుని బ్యాండ్‌కి పెట్టుకున్నాడు. 2002లో వాళ్లు తెచ్చిన ఆల్బమ్‌కి అట్ట మీద రెండు బ్రాకెట్ గుర్తులు తప్ప పేరు లేదు, విడుదలైనప్పుడు పాటలకీ పేర్లు పెట్టలేదు, పాడింది ఏ దేశపు భాషా కాదు. అనౌన్సర్‌కి అంతకంటే పరీక్ష ఉండదు. అలాంటప్పుడు ఇందులో మాటల కోసం వెతకొద్దు, గొంతుని కూడా ఒక వాద్యంలా వినండి అని చెప్పి వదిలెయ్. పాట అయ్యాక వెంటనే నవ్వుతూ అరిచి ఇంకోదాంట్లోకి దూకకు, రెండు క్షణాలు ఆగు.

ఒక పాట వేసేముందు దాన్ని ఇంట్లో కనీసం ఒకసారి మొదటినుంచి చివరిదాకా విను. ఎక్కడ మాట్లాడకూడదో అదే నీకు చెబుతుంది. పాటకీ పాటకీ మధ్య చెప్పే మాటలు ఎవరో రాసిచ్చినవి చదవకు, నీకు ఆ పాటలో నచ్చింది నీ మాటల్లో చెప్పు. అలా చేస్తే, ఎప్పుడైనా ఒక పేరు తప్పు పోయినా వినేవాళ్లు ఫోన్ చేసి ప్రేమగా సరిదిద్దుతారు, కోప్పడరు. సరిదిద్దినవాళ్లకి తరవాతి వారం గాల్లోనే థాంక్స్ చెప్పు.

మొదటి నెల పాటల జాబితా నాకు పంపు. నీకు సందేహం ఉన్న పేర్ల కింద గీత గియ్యి, నేను ఇక్కడ ఆ పెద్దాయన్ని కూడా అడిగి తెలుగులో రాసి పంపుతాను. ప్రోగ్రామ్ రికార్డింగ్ తప్పకుండా పంపాలి, ఆ టైముకి మాకు ఇంకా ఆదివారం మధ్యాహ్నమే, కుదిరితే నేరుగా ఆన్‌లైన్‌లో వింటాను.

అంత రాత్రి ఆఖరి బస్సు కోసం పరుగెత్తి గుంటూరు రావద్దు. సత్యనారాయణపురంలో పిన్ని వాళ్లింట్లో పడుకుని పొద్దున్నే రా. పిన్నితో నేను మాట్లాడాను, గది సర్ది ఉంచుతానంది. నాన్నకి బీపీ మాత్రలు గుర్తుచెయ్, అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

ప్రేమతో,
మీ అక్క