కొండ బాటను సైకిలుకు మూసేయకండి

గౌరవనీయులైన సంపాదకులకు,

కొండ బాటల్లో సైకిళ్లను పూర్తిగా నిషేధించాలని కోరుతూ మీ పత్రికలో వచ్చిన లేఖ చదివాను. రాసినవారు ఆ బాటల్లో రోజూ నడిచే పెద్దాయన అని అర్థమైంది. ఆయన చేసిన రెండు ఫిర్యాదుల్లో ఒకటి నిజం. మలుపు చాటు నుంచి చప్పుడు లేకుండా సైకిల్ దూసుకొస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. సైకిల్ టైర్ల వల్లే బాటలు కోసుకుపోతున్నాయన్న రెండో మాట మాత్రం సరికాదు. ఆ రెండింటికీ జవాబు చెప్పేముందు, మాలాంటి మామూలు మనుషులం అసలు ఆ బాటల్లోకి ఎందుకు వెళ్తామో చెప్పాలి.

మన మాటల్లో బైక్ అంటే మోటారు బండే. అందుకే 'మౌంటెన్ బైకింగ్' అనగానే చాలామంది కొండ మీద పొగ, మోత ఊహించుకుంటారు. నేను చెప్పేది కాళ్లతో తొక్కే సైకిల్ గురించి. దీని టైర్లు కాస్త వెడల్పుగా, మట్టిని పట్టుకునేలా గట్లు గట్లుగా ఉంటాయి. ఇంజను ఉండదు. ఎక్కేటప్పుడు వినిపించేది మా ఆయాసమే.

నేను పోటీలకు వెళ్లేవాణ్ణి కాదు. నలభై దాటాక మొదలుపెట్టాను. మొదటి ఏడాది ఎక్కుడు వచ్చిన ప్రతిచోటా దిగి సైకిల్ నెట్టుకుంటూ నడిచాను. తర్వాత మెల్లగా ఒక్కో సంగతి ఒంటికి పట్టింది. దారిలో రాయిని చూస్తూ ఉంటే సైకిల్ ఆ రాయి మీదికే పోతుంది, రాయి పక్కనున్న ఖాళీని చూస్తే ఖాళీలోంచి పోతుంది. దిగేటప్పుడు సీటు మీద కూర్చోకూడదు. రెండు పెడల్సూ ఒకే ఎత్తులో పెట్టి లేచి నిలబడి, మోకాళ్లూ మోచేతులూ వదులుగా ఉంచాలి. బ్రేకు మలుపుకు ముందే వేయాలి, మలుపులో కాదు. నిలువు ఎక్కుడులో బాగా వెనక్కి కూర్చుంటే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది, మరీ ముందుకు వాలితే వెనక చక్రం మట్టిలో జారిపోతుంది. ఆ రెండింటికీ మధ్య ఎక్కడ కూర్చోవాలో నేర్చుకోవడానికి నాకు నెలలు పట్టింది. ఏడాదిపాటు నెట్టుకుంటూ ఎక్కిన గుట్టను ఒక రోజు కాలు కింద పెట్టకుండా ఎక్కేశాను. పైన ఎవరూ లేరు, చప్పట్లు కొట్టేవాళ్లు అసలే లేరు. అయినా ఆ రోజంతా నా ముఖంలో నవ్వు పోలేదని ఇంట్లోవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

ఇంకో మేలుంది. బాట మన ధ్యాసనంతా లాగేసుకుంటుంది. పని టెన్షన్, ఫోను, రేపటి గొడవ ఇవేవీ అక్కడికి రాలేవు. వచ్చాయంటే పడిపోతాం. పైగా అదే బాట వాన పడిన వారం ఒకలా, దుమ్ము రేగే ఎండల్లో ఇంకోలా ఉంటుంది. ఏళ్లుగా తొక్కుతున్నా నాకు విసుగు రాలేదు.

ఈ ఆట పుట్టిందే మామూలు కుర్రాళ్ల సరదాలోంచి. అమెరికాలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో, 1970ల్లో కొందరు పాత బరువైన సైకిళ్లను బాగుచేసుకుని మట్టి దారుల్లో కొండ దిగేవారు. 1976లో వాళ్లు మొదలుపెట్టిన పందేనికి 'రీప్యాక్' అని పేరు. పెడల్ వెనక్కి తొక్కితే పడే ఆ కాలపు బ్రేకు, దిగేసరికి వేడెక్కి లోపలి గ్రీజంతా కాలిపోయేది. ప్రతిసారీ కొత్త గ్రీజు కూరాల్సి వచ్చేది, ఆ పేరు అందుకే. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి ఇది పతకాల ఆట అయింది. బాటలు మూతపడతాయన్న భయం కూడా కొత్తది కాదు. ఆ భయంతోనే 1988లో కాలిఫోర్నియా సైకిల్ క్లబ్బులు కలిసి అంతర్జాతీయ మౌంటెన్ బైసైక్లింగ్ సంఘాన్ని పెట్టుకున్నాయి.

ఇప్పుడు కోత సంగతి. బాటను తినేది ముఖ్యంగా నీళ్లు. కొండ మీద నుంచి తిన్నగా కిందికి వేసిన బాట మొదటి పెద్ద వానకే కాలువ అవుతుంది. దాని మీద ఎవరు నడిచినా, ఏం నడిచినా గుంట లోతవుతూనే ఉంటుంది. అందుకే బాటలు వేసేవాళ్లు ఒక లెక్క పాటిస్తారు. కొండ పక్క వాలు 20 శాతం ఉంటే బాట వాలు 10 శాతం దాటకూడదు, అంటే సగానికి మించకూడదు. బాట బయటి అంచు కాస్త కిందికి వాలి ఉండాలి. దిగుతూ దిగుతూ మధ్యమధ్యలో కొంచెం పైకి లేవాలి. అప్పుడు నీళ్లు బాట వెంట పరుగెత్తకుండా పక్కకు జారిపోతాయి. అమెరికాలోని మోంటానాలో చేసి 1994లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తడి బాట మీద గుర్రాలూ నడిచేవాళ్లూ కదిల్చినంత మట్టిని సైకిళ్లు కదల్చలేదని తేలింది. కెనడాలోని ఒంటారియోలో చేసి 2001లో ప్రచురించిన మరో అధ్యయనం, నడకకూ సైకిలుకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదంది.

అంతమాత్రాన మా తప్పు లేదని కాదు. వెనక చక్రం బిగుసుకుపోయేలా బ్రేకు వేసి జారుకుంటూ దిగేవాళ్లు బాటను నిజంగానే దున్నేస్తారు. బురదలో తొక్కడం, నీటి గుంటను తప్పించుకోవడానికి పక్క గడ్డి మీదికెక్కి బాటను వెడల్పు చేయడం కూడా తప్పే. పెద్ద వాన పడ్డాక నేల ఆరేదాకా సైకిళ్లను రానివ్వకండి, మేం కాదనం.

ఇక భయపెట్టడం గురించి. నేనూ ఆ తప్పు చేశాను. ఒక ఉదయం మలుపులో వేగంగా వచ్చేసరికి ఎదురుగా ఒక వృద్ధుడు తూలి, పక్కనున్న పొదను పట్టుకుని ఆగారు. దిగి క్షమాపణ అడిగాను. ఆయన ఏమీ అనలేదు. వణుకుతున్న ఆ చేయి మాత్రం నాకింకా గుర్తుంది. ఆ రోజే గంట కొనుక్కున్నాను. అవతల ఏముందో కనిపించని మలుపుల్లో ఇప్పటికీ నడకంత వేగంతోనే తిరుగుతాను.

అది నా ఇష్టం మీద ఆధారపడకూడదు, నిబంధన కావాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1968 చట్టం గుర్రపు బాటల్లోకి సైకిళ్లను అనుమతిస్తూనే, నడిచేవారికీ గుర్రం మీద వచ్చేవారికీ సైకిలిస్టులే దారి ఇవ్వాలని చెప్పింది. అదే మాట బాట మొదట్లో బోర్డు మీద రాయవచ్చు. దిగేవారు ఎక్కేవారికి దారి ఇవ్వాలని కూడా చేర్చాలి. ఇరుకు బాటల్లో సైకిళ్లను ఒకే దిశలో పంపవచ్చు, లేదా రోజు మార్చి రోజు అనుమతించవచ్చు. 'సైకిళ్లకు ప్రవేశం లేదు' అన్న బోర్డు పెడితే నెమ్మదస్తులు ఇంట్లో ఉండిపోతారు, ఎవరినీ లెక్కచేయనివాళ్లు చీకట్లో వస్తారు.

అధికారులు నీళ్లు మళ్లించే పనికి అనుమతిస్తే పారలూ గునపాలూ పట్టుకుని మేమే వస్తాం, నెలకో ఆదివారం. ఆ లేఖ రాసిన పెద్దాయన కూడా ఒకసారి మాతో రావాలని కోరుతున్నాను. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో, సైకిళ్లు ఎక్కడ భయపెడుతున్నాయో రోజూ నడిచే ఆయనకు తెలిసినంత మాకు తెలియదు.

ఇట్లు,
మీ పాఠకుడు