కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడు ఎక్కువగా పిల్లల నడక సంగతే

సభ్యులందరికీ నమస్కారం. బోరు మోటారు రిపేరు, పార్కు లైట్లు, బతుకమ్మ ఖర్చు అన్నీ లెక్కల కాగితంలో ఉన్నాయి, నోటీసు బోర్డుకు అతికించాం, చూసుకోండి. పిల్లలు బడికి వెళ్లే విషయం మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం మీటింగుల్లో మనం గొడవపడింది దాని మీదే.

జూన్‌లో బడులు తెరిచిన వారం కమిటీలో ముగ్గురం పొద్దున్నే స్కూలు గేటు ఎదురుగా టీ బండి దగ్గర నిలబడ్డాం. కిలోమీటరు కూడా లేని దూరానికి పిల్లాడికో కారు, రాంగ్ రూట్లో దూరే స్కూటర్లు, హారన్లు. చూస్తే సగం బండ్లు మన కాలనీవే. అందులో నాదీ ఒకటి. రోడ్డు మీద బండ్లు ఎక్కువని పిల్లల్ని నడిపించం, నడిపించం కాబట్టి బండి తీస్తాం!

అందుకే 'నడక బస్సు' మొదలుపెట్టాం. ఆస్ట్రేలియాలో డేవిడ్ ఎంగ్విక్ట్ అనే ఆయన 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. బస్సేమీ ఉండదు, ముందొక పెద్ద, వెనకొక పెద్ద, మధ్యలో పిల్లలు. వాటర్ ట్యాంకు, హనుమాన్ గుడి, కిరాణా కొట్టు మన స్టాపులు. ఫుట్‌పాత్ లేనిచోట కుడివైపు, ఎదురొచ్చే బండ్లు కనపడేలా నడవాలి, సైకిలైతే ఎడమవైపే వెళ్లాలి. ఈ తేడా పిల్లలకు రెండ్రోజుల్లో వచ్చేసింది, పెద్దవాళ్లకే ఇంకా చెప్పాల్సి వస్తోంది.

తల్లులందరూ అడిగింది ఒక్కటే, కుక్కల సంగతేంటని. సందు మలుపులో చికెన్ వ్యర్థాలు పారేసేవాళ్లు, కుక్కలు అక్కడే కాపలా కాసేవి. చికెన్ కొట్టు ఓనర్ని కూర్చోబెట్టి మాట్లాడి మూత డబ్బా పెట్టించాక మంద పలచబడింది. తర్వాత సంచుల బరువు. 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం సంచి పిల్లల బరువులో పదో వంతు దాటకూడదు. ఇరవై నాలుగు కిలోల పాప సంచిని కిరాణా కాటా మీద పెడితే ఐదు కిలోలు! టీచర్లతో మాట్లాడాక కొన్ని పుస్తకాలు క్లాసులోనే ఉంచుతున్నారు.

సైకిళ్లు ఆరో తరగతి దాటినవాళ్లకే. ఒక ఆదివారం బ్రేకులు, సీటు ఎత్తు చూసి, వెనక మెరిసే స్టిక్కర్లు అంటించాం. అయినా ఒక బాబు పడ్డాడు. ఆగిన కారు తలుపు ఠక్కున తెరుచుకుంది, అదీ మన సభ్యుడి కారే. మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది. డ్రైవర్ సీట్లో ఉన్నవాళ్లు తలుపు ఎడమ చేత్తో తీయండి, ఒళ్లు దానంతటదే వెనక్కి తిరుగుతుంది, వచ్చే సైకిలు కంటపడుతుంది.

కానివి కూడా చెప్పాలి కదా. జీబ్రా క్రాసింగ్ కోసం మూడు అర్జీలు పెట్టాం, 'పరిశీలిస్తాం' అన్న జవాబు ఒక్కటి వచ్చింది. ఫుట్‌పాత్‌లో అడ్డం లేని నడక దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలని రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అంటుంది, మన దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన మనిషి అడ్డంగా తిరిగితే గానీ పట్టడు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ వేశారు, సంతోషం, మాకు ఈ ఎనిమిది వందల మీటర్లు చాలు. ట్రాన్స్‌ఫార్మర్ మన చేతిలో లేదు, ఫుట్‌పాత్ మీదెక్కించిన కార్లు మాత్రం మనవే, తీసేయండి.

తొమ్మిది, పది చదివే పిల్లలకు స్కూటీ తాళాలిస్తున్నవాళ్లకు ఒక మాట. మోటారు వాహనాల చట్టం 199ఏ కింద తల్లిదండ్రులకో బండి ఓనరుకో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, పిల్లాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. భయపెట్టడానికి కాదు, ఆ స్కూటీలు దూసుకెళ్లేది నడక బస్సు పక్క నుంచే.

ప్రస్తుతం గురువారాలు వెనక నడిచే పెద్దవాళ్లు లేరు. పొద్దున ఏడూ ముప్పావుకు వాటర్ ట్యాంకు దగ్గరికి రాగలిగినవాళ్లు వాచ్‌మన్ దగ్గరున్న పుస్తకంలో పేరు రాయండి. ఈల మేమే ఇస్తాం.