చాక్లెట్ మంచిదే, ఎంత తినాలో రాయరేం?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో డార్క్ చాక్లెట్ రోజూ తింటే గుండె పదిలం అని పెద్ద రంగు బొమ్మతో వేశారు. మా అమ్మ దాన్ని కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది. ఆవిడకి డెబ్బై దాటాయి, షుగర్. కాఫీలో పంచదార మాన్పించడానికి ఇంటిల్లిపాదీ పడ్డ పాట్లన్నీ ఒక్క దెబ్బకి గంగలో కలిశాయి. ఏమన్నా అంటే "పేపర్లో వేశార్రా" అంటుంది. పేపర్లో పడ్డాక కాదనడానికి నేనెవరిని?

తెప్పించుకున్న చాక్లెట్ అట్ట తిప్పి చూశాను. ముదురు గోధుమ రంగు మీద వెండి రంగు అక్షరాలు, ఫోన్ లైటు వేస్తే గానీ కనపడలేదు. ఏది ఎక్కువుంటే దాని పేరు ముందు రాయాలని రూలు. మొదటి పేరు చక్కెర! కోకో ఆ తర్వాత. పైన మాత్రం బంగారు అక్షరాలతో 'డార్క్'. పండగల ముందు మిఠాయి కొట్లలో ఫొటోలు దిగి వెళ్లిపోయే ఆహార భద్రత అధికారులకి ఈ అట్టలు చదివే తీరిక ఎప్పుడు దొరుకుతుందో.

కోకోలో ఫ్లేవనాల్స్ అనే సహజ పదార్థాలు ఉన్న మాట నిజం, రక్తనాళాలకి అవి మేలు చేస్తాయన్నదీ నిజం. కానీ గింజ పులియబెట్టినప్పుడు కొన్ని, వేయించినప్పుడు కొన్ని పోతాయి. చేదు తగ్గాలని క్షారం కలిపితే మిగిలినవీ చాలావరకు పోతాయి. ఎన్ని మిగిలాయో అట్ట మీద ఉండదు. అమెరికాలో 21 వేల మందికి పైగా పెద్దవాళ్ల మీద చేసిన పరిశోధన 2022లో వచ్చింది. వాళ్లకిచ్చింది చాక్లెట్ కాదు మహాప్రభో, రోజుకి 500 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్ ఉన్న మాత్రలు. అయినా గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి చూస్తే కచ్చితంగా తగ్గాయని చెప్పగలిగేంత తేడా రాలేదు. గుండెజబ్బు మరణాలు మాత్రం కొంత తగ్గాయి. ఖర్చులో కొంత పెట్టుకున్నది ఒక పెద్ద చాక్లెట్ కంపెనీ. ఇందులో ఒక్క ముక్కయినా మీ వ్యాసంలో ఉందా? 70 శాతం కోకో ఉన్న అసలు సరుకు తిన్నా 100 గ్రాములకి ఆరొందల క్యాలరీల దాకా ఉంటాయన్నదీ లేదు.

అదే ఏడాది అక్కడి కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే వినియోగదారుల సంస్థ వాళ్లు 28 డార్క్ చాక్లెట్లు పరీక్షిస్తే అన్నిట్లోనూ సీసం, కాడ్మియం అనే హానికర లోహాలు కనిపించాయి. 23 చాక్లెట్ల విషయంలో రోజుకి ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు తింటే ఆ రెండిట్లో ఒకటైనా వాళ్లు పెట్టుకున్న హద్దు దాటుతుందన్నారు. కాడ్మియం చెట్టే నేలలోంచి లాక్కుంటుంది. సీసం చాలావరకు గింజలు ఆరబెట్టేటప్పుడు దుమ్ముతో వచ్చి అంటుకుంటుంది.

దుమ్ము సంగతి మాకు చెప్పక్కర్లేదు. మాది కోకో పండే ఊరు. కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతరపంటగా వేస్తాం. గింజలు రోడ్డు వారన బరకాల మీద ఆరబోస్తాం. లారీ ఒకటి పోతే గింజ రంగే మారిపోతుంది. షెడ్లు కావాలని అడిగితే "ప్రపోజల్ పంపాం" అంటారు. ఎన్నాళ్లుగానో అదే ప్రపోజల్, అదే పంపడం. 2024లో కిలో వెయ్యి దాటిన గింజని మరుసటి ఏడాది సగం ధరకి కూడా కొనకపోతే రైతులు రోడ్డెక్కారు. ప్రభుత్వం కిలోకి 50 రూపాయలు కలిపి 500 చేస్తే గానీ కదల్లేదు. ఆ గొడవకి మీరు జిల్లా పేజీలో ఒక మూల చోటిచ్చారు. చాక్లెట్ బొమ్మకి అర పేజీ!

సోమవారం కాఫీ అమృతం, గురువారం కాఫీ విషం. రెండూ మీ పేపర్లోనే. చాక్లెట్ మానేయమని నేననను, భోజనమయ్యాక చిన్న ముక్క నేనూ నోట్లో వేసుకుంటాను. షుగర్ ఉన్నవాళ్లు, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టర్ని అడిగి తినాలని, చిన్నపిల్లలకి రోజూ పెట్టొద్దని, ఎన్ని గ్రాములో, ఎంత శాతం కోకోనో, ఆ పరిశోధనకి డబ్బులెవరిచ్చారో రాయండి చాలు. చోటు చాలకపోతే పక్కనున్న రాశిఫలాల్లో రెండు రాశులు తీసేయండి.

ఇట్లు,
మీ పాత చందాదారు,
కామవరపుకోట మండలం, ఏలూరు జిల్లా