డివైడర్ తగిలిన కారుకు అలైన్‌మెంట్ ఒక్కటే చాలదు

సంపాదకులకు,

రంగు చెరిగిపోయిన డివైడర్ల అంచులకు రాత్రివేళ కారు చక్రాలు బలంగా తగలడం నగరాల్లో మామూలైపోయింది. ఆ తర్వాత స్టీరింగ్ వణుకుతోందని షెడ్డుకు వెళితే చాలాచోట్ల అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) చేసి పంపేస్తున్నారు. బండి ఒక పక్కకు లాగుతుంటే అది అవసరమే కానీ, వేగం 80 దాటాక వచ్చే వణుకుకు సాధారణంగా రిమ్ము వంగడమో, బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమతూకం) తప్పడమో కారణం. వేగంతోపాటు పెరుగుతూ, మలుపుల్లో మారే హోరు వినిపిస్తే చక్రం సాఫీగా తిరిగేలా చేసే వీల్ బేరింగ్‌ను అనుమానించాలి. టైరు పక్కభాగంలో చిన్న ఉబ్బు కనిపించినా లోపలి దారాలు తెగినట్టే. దానికి ప్యాచ్ పనికిరాదు, టైరు మార్చాల్సిందే. చక్రాన్ని పైకి లేపి, చేత్తో కదిపి, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్‌నూ, చక్రాన్ని కింది నుంచి బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌నూ పరీక్షించకుండా బండిని అప్పగించడం ప్రాణాలతో చెలగాటమాడటమే. మునిసిపల్ అధికారులు డివైడర్ల మొనలకు రిఫ్లెక్టర్లను వెంటనే అమర్చాలి.

– ఒక పాఠకుడు, విజయవాడ